ఒక దిన ప్రయాణము

ధ్యాన భాగము: లూకా 2:41–52



ఈ మాసము మనము ధ్యానించు భాగము మన యిండ్లలోని చిన్నపిల్లలకు సైతము తెలిసినదే. పండ్రెండేండ్ల బాలుడైన యేసు దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండిన పటము అనేక సండేస్కూలు గోడలమీద వ్రేలాడుచుండును. బాలుని ముఖము వెలుగుచుండును. పెద్దలు గడ్డములు నిమురుకొనుచు ఆశ్చర్యపడుచుందురు. అయితే ఆ పటములో కనబడని సగము ఒకటి కలదు. ఆ సమయమునకు ఒక తల్లియు ఒక తండ్రియు కొండదారిన పరుగులు తీయుచున్నారు. వారి పాదములు బొబ్బలెక్కినవి. వారు ఎదురైన ప్రతివానిని ఆపి, మా పిల్లవాని చూచితిరా అని అడుగుచున్నారు. ఈ నెల మనము దేవాలయములోనికి పోకముందు ఆ దారిమీద కొంతసేపు నడుతము.

ఆ దారిని గూర్చి నేను వ్రాయుటకు ఒక కారణము కలదు. చాల సంవత్సరముల క్రిందట నేనును అట్టి దారిన ఒక సాయంకాలము వెనుకకు పోవలసి వచ్చెను. ఆ సంగతిని నేను బహిరంగముగా ఎన్నడును చెప్పలేదు. తప్పు నాది గనుక చెప్పుటకు సిగ్గుపడితిని. ఇప్పుడు వయస్సు మీరినది. చెప్పకుండ పోవుట మంచిది కాదు.

1980ల నాటి మాట. అప్పుడు నేను ఒక బాలుర హాస్టలునకు వార్డెనుగా ఉంటిని. పిల్లలు నలుబది ఏడుగురు. అందరును చుట్టుపట్ల పల్లెలవారే. కూలి చేసికొనువారి బిడ్డలు. వారిలో అనేకులు తమ ఊరికిని హాస్టలునకును నడుమనున్న దారి తప్ప మరి యే దారియు ఎరుగరు. క్రిస్మసునకు ముందు, డిసెంబరు మొదటి వారములో, వారిని పోచారము చెరువునకును అటునుండి మెదకు గుడికిని తీసికొనిపోవలెనని తలంచితిమి. ఒక లారీ, ఒక వ్యాను కుదిరినవి. పెద్దపిల్లలు ముప్పదిమంది లారీలోను, చిన్నవారు పదునేడుగురు వ్యానులోను ఎక్కవలెనని ఏర్పాటు.

తెల్లవారక మునుపే కామారెడ్డి నుండి బయలుదేరితిమి. లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరునప్పటికి ప్రొద్దు పొడిచెను. ఆ దారి ఎరిగినవారు మీలో అనేకులుందురు. వరి కోసిన మళ్లు, మంచు పట్టిన చెరువులు, తరువాత మెల్లగా అడవి, అడవి నడుమ గుట్టలు. అవి పటములలో చూచు మంచుకొండల వంటివి కావు. మన ప్రాంతపు గుట్టలు. నల్లని బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండును. వాటి నడుమ టేకు, మద్ది, తునికి, మోదుగ చెట్లు. బండి ఒక మలుపు తిరిగినప్పుడెల్ల పిల్లలు ఓహో అని కేకలు వేసిరి. ఒకచోట దుప్పుల మంద దారి దాటెను. డ్రైవరు బండి నిలిపెను. నలుబది ఏడు నోళ్లు ఒక్కసారిగా మూతపడుట నేను ఆ ఒక్కనాడే చూచితిని.

పోచారము చెరువు నిజాము ప్రభుత్వ కాలములో ఆలేరు వాగునకు అడ్డముగా కట్టబడి 1922లో పూర్తియైనది. ఆ వాగు మంజీరలో కలియును. పొడవైన రాతికట్ట, కట్ట ఈవల పొలములు, ఆవల నీళ్లు, నీళ్లకు అంచుగా అభయారణ్యము. శీతకాలమున దూరదేశముల నుండి పక్షులు వచ్చి ఆ నీళ్లపై వ్రాలును. మేము అక్కడ చెట్లక్రింద కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర తింటిమి. ప్రార్థన చేసికొంటిమి. 121వ కీర్తన చదివితిమి. కొండల వైపు కన్నులెత్తి, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చునని అడిగిన యాత్రికుని గూర్చి పిల్లలకు చెప్పితిని. మనలను కాపాడువాడు కునుకడు, నిదురపోడు అని వివరించితిని. బాగుగా చెప్పితినని నాకు నేనే తృప్తిపడితిని కూడ.

మధ్యాహ్నము మూడున్నర గంటలకు, చీకటి పడకముందే మెదకు గుడిని చూడవలెనని తొందరపెట్టితిని. ఆ గుడి రంగుటద్దముల కిటికీల సంగతి మీరు ఎరుగుదురు. బయటి వెలుతురు ఉన్నంతవరకే అవి లోపలివారికి కనబడును. సూర్యుడు క్రుంకిన తరువాత పోయి లాభము లేదు. గనుక లారీ ప్రక్క నిలిచిన ఒక పెద్ద విద్యార్థిని చూచి, "అందరు ఎక్కిరా?" అని అడిగితిని. "ఎక్కిన్రు అయ్యగారూ" అని అతడు చెప్పెను. బండ్లు కదలెను. లారీలో పాటలు మొదలైనవి. వ్యానులోనివారు అందుకొనిరి. పదునైదు కిలోమీటర్ల దారి పాటలతోనే గడిచెను.

మెదకు గుడి 1924వ సంవత్సరము డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. పాస్నెట్ దొరగారి కాలములో, కరువు దినములలో, ఆకలిగొన్నవారికి పని కల్పించి, ఆ పనిద్వారా అన్నము పెట్టి లేపిన కట్టడమది. నూట డెబ్బదియైదు అడుగుల గోపురము. మా పిల్లలు మెట్లవద్ద చెప్పులు విడిచి, నోరు తెరచి పైకి చూచుచు నడిచిరి. ఆ కిటికీలలో ఒకదానిమీద ప్రభువు జననము, ఒకదానిమీద సిలువ, ఒకదానిమీద ఆరోహణము చిత్రింపబడి యున్నవి. సాయంకాలపు వెలుగులో ఆ రంగులు నేలమీద పడుచుండెను.

పిల్లలవద్ద డబ్బులు లేవు గనుక, కానుకపెట్టెలో వేయుటకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పావలా ఇయ్యవలెనని నేను ముందే నలుబది ఏడు పావలాలు, పదకొండు రూపాయల డెబ్బదియైదు పైసలు, ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చితిని. పిల్లలు వరుసగా నడిచి వచ్చిరి. ఒక్కొక్కని చేతిలో ఒక్కొక్కటి పెట్టితిని. వరుస అయిపోయెను. గుడ్డలో ఒక పావలా మిగిలెను.

సహోదరులారా, ఆ పావలా బరువు నా చేతిలో ఇప్పటికిని ఉన్నది.

లెక్కలో పొరపాటు జరిగియుండునని మొదట అనుకొంటిని. పిల్లలను నిలువబెట్టి పేరు పేరున పిలిచితిని. నలుబది ఆరుగురు. లేనివాడు ఆరవ తరగతి బాలుడు. ఆ యేడే చేరినవాడు. తల్లిదండ్రులు బ్రదుకుతెరువునకై బొంబాయి పోగా అవ్వ దగ్గర పెరిగినవాడు. లారీవారు, వాడు వ్యానులో ఉన్నాడనుకొంటిమనిరి. వ్యానువారు, వాడు లారీలో ఎక్కెననుకొంటిమనిరి. అబద్ధమాడినవాడు ఒక్కడును లేడు. చూచినవాడును ఒక్కడు లేడు.

పిల్లలను గుడివద్దనే పెద్దల చేతికి అప్పగించి, నేను వ్యానులో వెనుకకు తిరిగితిని. "ఎక్కిన్రు" అని చెప్పిన పెద్ద విద్యార్థి ఏడ్చుచు నాతో వచ్చెను. ఉదయము ఏ గుట్టలను చూచి సంతోషించితిమో ఆ గుట్టలే చీకటిలో మీదికి వంగినట్లుండెను. ఉదయము దుప్పులను చూచిన అడవిలో చిరుతలును ఎలుగుబంట్లును ఉన్నవని ఇప్పుడు జ్ఞాపకము వచ్చెను. కట్ట ప్రక్కనున్న నీటి లోతు జ్ఞాపకము వచ్చెను. నేను ప్రార్థింపవలెనని ప్రయత్నించితిని. మధ్యాహ్నము అంత చక్కగా వచ్చిన మాటలు ఒక్కటియు రాలేదు. ప్రభువా, ప్రభువా అని మాత్రమే అంటిని. ఆ ముసలి అవ్వ యెదుట నిలిచి నేనేమి చెప్పుదును అను తలంపు నన్ను నలుగగొట్టెను.

కట్టమీద ఒకచోట నిప్పు మండుచుండెను. తూములు ఎత్తి దించు ఉద్యోగిని మన వైపున లష్కరు అందురు. ఆ లష్కరు నిప్పు ప్రక్క కూర్చుండి యుండెను. అతని గొంగడి కప్పుకొని, చేతిలో జొన్నరొట్టె ముక్కతో, మా పిల్లవాడు కూర్చుండి యుండెను. వాని ఒడిలో హాస్టలు వంటకు వాడు పెద్ద గంటె యుండెను.

నన్ను చూడగానే వాడు లేచి, "గంటె దొరికింది అయ్యగారూ" అనెను.

తరువాత విషయము తెలిసినది. భోజనములైన పిమ్మట మా వంటమనిషి పాత్రలు లెక్కపెట్టెను. హాస్టలు పాత్రలకు ఒక పుస్తకము కలదు. బయటికి పోయినప్పుడు వ్రాసి, తిరిగి ఎక్కించునప్పుడు గురుతు పెట్టవలెను. ఒక గంటె తక్కువ వచ్చెను. దగ్గరనున్న చిన్నవానిని చూచి, నీళ్లవద్ద మరచితిమేమో చూచి రమ్మని పంపెను. పంపి, తొందరలో మరచెను. వాడు గంటె వెదకి తెచ్చునప్పటికి బండ్లు కదలినవి. గంటెను లెక్కపెట్టితిమి, పిల్లవానిని లెక్కపెట్టలేదు. పాత్రలకు పుస్తకము ఉన్నది, ప్రాణములకు లేకపోయెను.

"నీవు కేక వేయలేదా?" అని అడిగితిని.

"ఏసిన అయ్యగారూ. లారీల పాటలు పాడుతున్నరు. ఇనవడలే."

నేను ఆ కట్టమీదనే కూలబడితిని. పాడుచున్నవి దేవుని పాటలు. ఆ పాటల సందడిలో ఆ బిడ్డ కేక మునిగిపోయినది. మీ పాటల ధ్వని నా యెదుటనుండి తొలగింపుడని దేవుడు ఆమోసు ప్రవక్తద్వారా ఇశ్రాయేలీయులతో ఎందుకు అనెనో నాకు అర్థమైనది ఆ రాత్రియే.

లష్కరు మన మతస్థుడు కాడు. అతడు నన్ను కోపపడలేదు. గొంగడి దులిపి భుజాన వేసికొనుచు ఈలాగు అనెను: "సారూ, నేను చిన్నప్పుడు మేకలు కాసినోణ్ణి. పొద్దుమీకి లెక్కవెట్టకుండ దొడ్డి తలుపు ఎయ్యకపోతుంటిమి. పిల్లగాండ్లను లెక్కవెట్టుకోవాలె గద?"

ఆనాడు మధ్యాహ్నము ప్రసంగించినవాడను నేను. ఆ దినపు ప్రసంగము మాత్రము అతనిది.

ఇప్పుడు మన వాక్యభాగమునకు వత్తము. ఇందులో మనకు మూడు సంగతులు కనబడుచున్నవి.

మొదటిది: అనుకొనుట వేరు, చూచుట వేరు.

యోసేపును మరియయు చెడ్డవారు కారు. అజాగ్రత్తగల తలిదండ్రులు అంతకన్న కారు. ప్రతి సంవత్సరము పస్కా పండుగకు పోవు భక్తిపరులు. నజరేతు నుండి యెరూషలేమునకు నూరు కిలోమీటర్లకు మించిన దారి. నడిచిపోవువారికి మూడు నాలుగు దినములు. యెరికో మీదుగా పోయినచో చివరి దినము ఎక్కుడు మిక్కిలి ప్రయాసమైనది. సముద్రమట్టమునకు చాల దిగువనున్న లోయ నుండి కొండలమీది పట్టణమునకు ఎక్కవలెను. దొంగల భయము కలదు. గనుక ఒక్కొక్క ప్రాంతమువారు గుంపులుగా కూడి, పాటలు పాడుకొనుచు పోవుదురు. 120 మొదలు 134 వరకు గల పదునైదు కీర్తనలు అట్టి యాత్రికుల పాటలే.

ఆ గుంపులలో స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు నడిచెదరని కొందరు వ్యాఖ్యాతలు తలంచుచున్నారు. పండ్రెండేండ్లవాడు తల్లితో నడువవచ్చును, తండ్రితోను నడువవచ్చును. తండ్రితో ఉండియుండునని తల్లియు, తల్లితో ఉండియుండునని తండ్రియు అనుకొనియుందురు. లారీ, వ్యాను అప్పుడు లేవు గాని ఆ పొరపాటు అప్పుడును ఉన్నది! ఉన్నాడనుకొని ఒక దినమంతయు నడిచిరి. ఆ దినమంతయు వారికి ఏ దుఃఖమును లేదు. ప్రభువు లేకుండ నడుచుచున్నామని తెలియనందున సంతోషముగానే నడిచిరి. ఇదియే మిక్కిలి భయంకరమైన సంగతి. ప్రభువును విడిచినవానికి ఆ గడియలోనే కాలు నొప్పిపుట్టినయెడల ఎవడును దూరము పోడు. నొప్పి సాయంకాలమున గాని తెలియదు.

ప్రియులారా, మనము నూరేండ్ల సంఘములవారము. మన తాతలు బాప్తిస్మము పొందినప్పుడు ఊరిలో పడిన బాధలు మనము వినియున్నాము. వారు ప్రభువును ఎరిగి నడిచిరి. మనము వారి వెనుక బండిలో ఎక్కితిమి. తాతగారి బండిలో ప్రభువు ఉన్నాడు గనుక మన బండిలోను ఉండునని అనుకొనుచున్నాము. పాస్టరుగారు ప్రార్థించుచున్నారు గనుక నేను ప్రార్థింపకున్నను జరుగునని సంఘపెద్ద అనుకొనును. నా భార్య గుడికి పోవుచున్నది, నాకు అదియే చాలునని భర్త అనుకొనును. హాస్టలులో బైబిలు చెప్పుదురు గనుక ఇంటిలో చెప్పనక్కరలేదని తల్లి అనుకొనును. ఇంటిలో చెప్పియుందురని హాస్టలువారు అనుకొందురు. ఇంతమంది అనుకొనుచుండగా చూచువాడు ఎవడు?

రెండవది: పోగొట్టుకొన్నచోటికి తిరిగి పోవలెను.

ఆ తలిదండ్రులు మొదట బంధువులలోను నెళవైనవారిలోను వెదకిరి. ప్రభువు దొరకలేదు. బంధుత్వములో ప్రభువు దొరకడు. అప్పుడు వారు చేసిన పని యేమి? ముందుకు పోయి నజరేతులో చూతమనలేదు. వాడే వచ్చునులే అనలేదు. రాత్రియని, అలసట అని అనలేదు. నడిచిన దారి అంతయు వెనుకకు నడిచిరి. దిగిన కొండ మరల ఎక్కిరి. మారుమనస్సు అనగా ఇదియే. కన్నీరు విడుచుట సులభము. కాళ్లు తిప్పుట కష్టము. నేను మెదకు గుడిలోనే మోకరించి ఏడ్చుచు ఉండవచ్చును. ఆ ఏడుపువలన కట్టమీది పిల్లవాడు ఇల్లు చేరడు. వ్యాను తిప్పవలసియుండెను.

కొందరికి ప్రభువును పోగొట్టుకొన్నచోటు ఒక పొలము గట్టు. అన్నదమ్ములు దానిని గూర్చి కొట్లాడి మాటలు మానివేసిరి. కొందరికి అది కల్లు దుకాణము. కొందరికి అది సంఘపు లెక్కల పుస్తకము. అందులో వారు వ్రాసిన ఒక తప్పు అంకె యున్నది. వేరొక క్రొత్త కూటమునకు పోయి, వేరొక పాట పాడి ప్రభువును మరల కనుగొందమని మనము చూతుము. కాదు. ఆ గట్టువద్దకే పోవలెను. ఆ అన్న యింటి గడపకే పోవలెను. ఎంత దూరము పోయితిమో అంత దూరము తిరిగి రావలెను. ఒక దినమునకే మరియ, యోసేపులు తెలిసికొనిరి. అదియే వారి భాగ్యము. పది సంవత్సరములు పోయినవానికి తిరుగు దారి ఎంత! అయినను దారి మూతబడలేదు. వారికి ఆయన మూడవ దినమున దొరికెను.

మరియు దీనిని గమనింపుడు. వారు వచ్చి చూడగా, తప్పిపోయినవాడు బాలుడు కాడు. తన తండ్రి పనిమీద తాను ఉండవలెనని ఆయన ఎరుగును. తన స్థలమున తాను ఉన్నాడు. తప్పిపోయినవారు ఆ యిద్దరే. ప్రభువు నన్ను విడిచెనని కష్టములో మనము మొరపెట్టుదుము. ఆయన ఎక్కడికిని పోలేదు. బండి కదిలించినవారము మనము.

మూడవది: మనలో లేనివాడు ఎవడు?

మా హాస్టలులో నలుబది ఏడుగురిలో వాడే ఎందుకు తప్పెనని నేను తరువాత చాల ఆలోచించితిని. మిగిలినవారిలో ఎవడు ఎక్కకున్నను ఒకడు కేక వేసియుండును: మా తమ్ముడు రాలేదు, మా ఊరివాడు రాలేదు, నా ప్రక్క కూర్చుండువాడు రాలేదు అని. వీనికి అన్న లేడు, ఊరివాడు లేడు, ప్రక్క కూర్చుండు స్నేహితుడు లేడు. వాని చోటు ఖాళీగా ఉన్నట్లు ఎవరికిని తోచలేదు. ఏలయనగా వానికి చోటే లేదు. వెదకువారు లేనివాడే ముందు తప్పిపోవును. గొఱ్ఱెల కాపరి తొంబదితొమ్మిదింటిని విడిచి ఒక్కదాని వెంట పోయెనని ప్రభువు చెప్పిన ఉపమానములో మనము కాపరి ప్రేమను మెచ్చుకొందుము. ప్రేమకు ముందు అతడు చేసిన పని ఒకటి కలదు. అతడు లెక్కపెట్టెను. లెక్కపెట్టనివానికి తొంబదితొమ్మిదియు నూరువలెనే కనబడును.

మన సంఘములలో కానుకల లెక్క వ్రాయబడుచున్నది, వ్రాయవలసినదే. కోతపండుగకు వచ్చిన ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు వ్రాయబడుచున్నవి. చాపలు, పెట్రోమాక్సు లైట్లు వ్రాయబడిన పాత పుస్తకములను నేను చూచియున్నాను. రాని మనుష్యుల పేరు ఏ పుస్తకములో వ్రాయబడుచున్నది? గల్ఫు దేశములకు పోయిన కొడుకు డబ్బు పంపకున్నప్పుడు గుడికి రావటానికి సిగ్గుపడు తల్లి కలదు. మోకాళ్ల నొప్పిచేత మెట్లెక్కలేని ముసలాయన కలడు. వేరు కులపు పిల్లను చేసికొన్నాడని అందరు మాటాడుట మానిన యువకుడు కలడు. నగరపు హాస్టలులో చదువుచు, ఇంటికి వచ్చినను గుడికి రాని విద్యార్థిని కలదు. పట్నములో బాగుగానే ఉండి ఉండునులే అని మనము అనుకొనుచున్నాము. వారు కేక వేయలేదని మనము చెప్పలేము. వేసియుందురు. మనము పాడుచుంటిమి.

2025వ సంవత్సరము ఆగస్టు 27న మన కామారెడ్డి ప్రాంతములో కురిసిన వాన మీకు జ్ఞాపకమే. కొన్నిచోట్ల ఒక్క దినములో నలుబది సెంటీమీటర్లకు మించి కురిసెను. రోడ్లు తెగెను, రైలు పట్టాలక్రింది మట్టి కొట్టుకొనిపోయెను. పోచారము కట్టకు, దానిని కట్టినవారు లెక్కవేసినదానికి రెండింతలకు మించిన వరద వచ్చెనని అధికారులు చెప్పిరి. కట్ట ప్రక్కనున్న మట్టి కోసుకొనిపోయెను. దిగువ ఊళ్లవారు ప్రాణములు అరచేత పెట్టుకొని యుండిరి. నూట మూడేండ్ల ఆ కట్ట మాత్రము నిలిచెను. అది నిలిచినదని వినినప్పుడు నేను దేవునికి స్తోత్రము చేసితిని. ఆ కట్టమీదనే గదా నా బిడ్డ నాకు దొరికెను!

ఆ రాత్రి మన ఊళ్లలో ఏమి జరిగెనో జ్ఞాపకము చేసికొనుడు. ప్రతి ఇంటిలోను మనుష్యులను లెక్కపెట్టిరి. చేనికి పోయినవాడు వచ్చెనా? బస్సెక్కిన పిల్ల ఎక్కడనున్నది? చరవాణి పలుకకున్న ప్రక్క ఊరివానికి చేసి అడిగిరి. ఎక్కడనో ఉండి ఉండునులే అని ఆ రాత్రి ఏ తల్లియు నిదురపోలేదు. కులము చూడలేదు, పాత పగలు చూడలేదు. పక్కింటివాడు కనబడకున్న వాని పేరు పెట్టి పిలిచిరి. వరద వచ్చిన రాత్రి మనకు లెక్క వచ్చును. వరద తీసిన తరువాత మరచిపోవుదుము. ప్రభువు రాకడ దినము ఆ రాత్రికన్న గొప్పది కాదా? అప్పుడు ఆయన తన పాత్రలను గూర్చి మనలను ముందుగా అడుగడు. నీకు అప్పగించిన బిడ్డ ఎక్కడ అని అడుగును.

గనుక ఈ నెలలో ఒక చిన్న పని చేయుడని బ్రతిమాలుచున్నాను. వచ్చు ఆదివారము ఆరాధన ముగిసి, ఆశీర్వచనమైన తరువాత, వెంటనే లేచి పోకుడి. ఒక నిమిషము నిలిచి చుట్టు చూడుడి. లేనివారు ఎవరో ఒక్కరిని మనస్సులో వ్రాసికొనుడి. మీ బంధువును గాక, మీ బంధువు కానివారిని వ్రాసికొనుడి. సాయంకాలము ప్రొద్దు క్రుంకకముందు వారి గడపకు పోవుడి. ఎందుకు రాలేదని అడుగకుడి. మీరు లేని లోటు కనబడినది, అందుకు వచ్చితిమని చెప్పుడి. స్త్రీల మైత్రివారు, యువజనులు ఇద్దరిద్దరుగా పోవచ్చును. పోయినచోట మీకంటె ముందుగా ఎవరైన అన్యుడు రొట్టెముక్క పెట్టి గొంగడి కప్పియుండుట చూచినయెడల, ఆశ్చర్యపడకుడి. ఆయనకు నమస్కరించి నేర్చుకొనుడి.

ఆ బాలుడు చదువు ముగించి, తన కుటుంబముతో తన దారిన తాను బ్రదుకుచున్నాడు. ఇప్పటికిని నన్ను చూచినప్పుడు ఆ సంగతి అతడు ఎత్తడు. నేనే ఎత్తుదును. మిగిలిన ఆ పావలా నా బైబిలులో లూకా సువార్తవద్ద ఉన్నది. అది చెల్లని నాణెమైనది. దానితో ఇప్పుడు ఏ అంగడిలోను ఏమియు కొనలేము. అయినను ప్రతి ఆదివారము గుడికి పోవుటకు ముందు దానిని ఒకసారి చూచుకొందును. చూచి, ఈ దినము లెక్కపెట్టవలెనని నాకు నేను చెప్పుకొందును.

ప్రార్థన

కునుకని నిదురపోని కాపరివైన ప్రభువా, నీవు మాతో ఉన్నావని అనుకొని నిన్ను విడిచి నడిచిన దినములను క్షమించుము. మేము పోగొట్టుకొన్నచోటికి తిరిగి పోవుటకు మా కాళ్లకు బలమిమ్ము. వెదకువారు లేనివారిని మా కన్నులకు చూపుము. మా పాటల నడుమ వారి కేక మాకు వినబడనిమ్ము. మా పల్లెలను, మా చెరువులను, మా కట్టలను కాపాడుము. దూరదేశములలోను, నగరపు హాస్టళ్లలోను ఉన్న మా బిడ్డలను పేరు పేరున ఎరిగినవాడవు నీవే. వారిని నీ చేతికి అప్పగించుచున్నాము. చివరి సాయంకాలమున నీవు మందను లెక్కించునప్పుడు మాలో ఒక్కడును తక్కువ కాకుండునట్లు కృప చూపుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.